రిజిస్టర్లో లేని అమ్మాయిలు: స్టోనీహర్స్ట్ చరిత్ర మీద ఒక కేస్ స్టడీ

పాఠశాలల చరిత్ర రాయడం నా పని. వజ్రోత్సవమో శతాబ్ది ఉత్సవమో దగ్గర పడినప్పుడు మేనేజ్‌మెంట్ వాళ్లు పిలుస్తారు. పాత అడ్మిషన్ రిజిస్టర్లు, ఫాదర్ల ఉత్తరాలు, చెదలు తిన్న గ్రూప్ ఫొటోలు ముందేసుకుని కూర్చుంటాను. మొదటి మీటింగులోనే రెండు ప్రశ్నలు వస్తాయి. స్కూలు ఏ సంవత్సరంలో మొదలైందని రాయాలి? అమ్మాయిలు ఎప్పుడు చేరారు? మొదటి ప్రశ్న మీద పూటంతా వాదించుకుంటారు. రెండోదానికి ఎవరో ఒకరు ఒక సంవత్సరం చెబుతారు, నేను రాసుకుంటాను, అంతటితో అయిపోతుంది.

చాలాకాలం నేనూ అంతే అనుకున్నాను. ఒకసారి ఒక కతోలిక హైస్కూలు చరిత్రలో అమ్మాయిల ప్రవేశం గురించి రెండు పేజీలు రాసిచ్చాను. అచ్చులోకి వచ్చేసరికి అది ఒక్క వాక్యం అయింది: ఫలానా ఏడాది నుంచి సహవిద్య ప్రవేశపెట్టబడింది. ఎవరు ప్రవేశపెట్టారు, ఎందుకు, అంతకుముందు ఆ అమ్మాయిలు ఎక్కడున్నారు, ఏమీ లేదు. ఫైనల్ ప్రూఫు మీద సంతకం పెట్టింది నేనే. ఆ సంతకం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. మళ్లీ అలాంటి పని ఒప్పుకునే ముందు, బాగా రికార్డైన ఒక స్కూలు చరిత్రను తీసుకుని ఈ రెండో ప్రశ్నను చివరిదాకా తవ్వి చూద్దామనుకున్నాను. అందుకు ఎంచుకున్నది ఇంగ్లాండులోని లాంకషైర్‌లో ఉన్న స్టోనీహర్స్ట్ కాలేజి. పేరుకు కాలేజి అయినా అది సెకండరీ పాఠశాల. జెస్యూట్ సంప్రదాయంలో, అంటే యేసుసభ అనే కతోలిక ఫాదర్ల సంఘం పద్ధతిలో నడుస్తుంది. ఇప్పుడు అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చదువుతారు, బోర్డింగ్ కూడా ఉంది.

ఎక్కడ మొదలైంది

స్టోనీహర్స్ట్ తన పుట్టిన సంవత్సరం 1593 అంటుంది. లాంకషైర్‌లోని ఆ భవనంలోకి స్కూలు వచ్చింది మాత్రం 1794లో. మధ్యలో రెండు వందల ఏళ్లు అది ఇంగ్లాండులోనే లేదు.

మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో ఇంగ్లాండులో కతోలిక విశ్వాసంలో పిల్లలకు చదువు చెప్పడం చట్టవిరుద్ధం. అనుమతి లేకుండా పిల్లల్ని సముద్రం దాటించి పంపడం కూడా నేరమే. అయినా కుటుంబాలు పంపాయి. రాబర్ట్ పర్సన్స్ అనే జెస్యూట్ ఫాదర్, స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ సాయంతో, అప్పట్లో స్పానిష్ ఏలుబడిలో ఉన్న సేంట్ ఓమెర్ పట్టణంలో ఇంగ్లీషు అబ్బాయిల కోసం స్కూలు పెట్టాడు. దాని తొలి విద్యార్థుల్లో ఒకడైన థామస్ గార్నెట్ తర్వాత ఫాదరై ఇంగ్లాండుకు తిరిగివెళ్లి, 1608లో లండన్‌లోని టైబర్న్‌లో ఉరికంబం ఎక్కాడు. 1970లో తిరుసభ ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది. ఈ స్కూల్లో చేరడమంటే ఏమిటో తొలి తరం పిల్లలకు తెలుసు, పంపిన తల్లిదండ్రులకు ఇంకా బాగా తెలుసు.

తర్వాతి కథంతా సామాను సర్దుకోవడమే. సేంట్ ఓమెర్ 1677లో ఫ్రాన్స్ చేతికి వచ్చింది. 1762లో పారిస్ పార్లమాఁ, అంటే అక్కడి ఉన్నత న్యాయస్థానం, జెస్యూట్ల కాలేజీలు మూయించింది. అధికారులు వచ్చేలోపు పిల్లల్ని షికారుకు తీసుకెళ్తున్నట్టుగా జట్లు జట్లుగా బయటికి నడిపించి, సరిహద్దు దాటించి బ్రూజ్ నగరానికి చేర్చారు. పదకొండేళ్లు తిరిగేసరికి, 1773లో, పోపు 14వ క్లెమెంట్ యేసుసభనే రద్దు చేశాడు. బ్రూజ్‌లో స్కూలు మూతపడింది. లియేజ్‌లో పాలకుడే బిషపు కూడా. ఆయన నీడన అక్కడి ఇంగ్లీషు జెస్యూట్ల ఇంట్లో చదువు మళ్లీ మొదలైంది. ఇరవై ఏళ్లకు ఫ్రెంచి విప్లవ సైన్యాలు అక్కడికీ వచ్చాయి. ఈసారి ఇంగ్లాండుకే పోవచ్చు, ఎందుకంటే 1791 చట్టం అక్కడి కతోలికులకు బడులు నడుపుకునే వీలిచ్చింది. పూర్వవిద్యార్థి థామస్ వెల్డ్ తన కుటుంబానికి వచ్చిన స్టోనీహర్స్ట్ భవంతిని ఇచ్చాడు. 1794 ఆగస్టు చివర్లో పిల్లలూ ఫాదర్లూ అక్కడికి చేరారు.

నాలుగు ఊళ్లు, రెండుసార్లు ప్రభుత్వాల దెబ్బ, ఒకసారి పోపు దెబ్బ. పేరు మారింది, నేల మారింది, నడిపే సంఘమే నలభై ఏళ్లు చట్టరీత్యా లేకుండా పోయింది (యేసుసభను రోము పూర్తిగా పునరుద్ధరించింది 1814లో). అయినా ఇది ఒకే స్కూలని ఎలా అంటాం?

నాకు తృప్తినిచ్చిన సమాధానం తరగతుల పేర్లలో దొరికింది. స్టోనీహర్స్ట్‌లో ఇప్పటికీ తొమ్మిదో తరగతి, పదో తరగతి అనరు. లోయర్ గ్రామర్, గ్రామర్, సింటాక్స్, పొయెట్రీ, రెటరిక్ అంటారు. 1599లో జెస్యూట్లు ప్రపంచంలోని తమ స్కూళ్లన్నిటికీ ఖరారు చేసిన పాఠ్యప్రణాళిక, రాషియో స్టుడియోరుమ్, చదువును మూడు మెట్ల వ్యాకరణం, ఆపైన సాహిత్యం, ఆపైన వక్తృత్వం అని విభజించింది. ఆ మెట్ల పేర్లే ఇవి. లాటిన్ వ్యాకరణం నేర్చుకునే క్లాసు కాబట్టి గ్రామర్ అన్నారు. ఇప్పుడు ఆ క్లాసులో లెక్కలూ కెమిస్ట్రీ చెబుతున్నా పేరు పోలేదు. బ్రూజ్‌కు నడిచిన పిల్లవాడు రేపు ఏ క్లాసుకు వెళ్లాలో తెలిసే నడిచాడు. నా లెక్కలో స్కూలు కొనసాగిందనడానికి ఇదే గట్టి సాక్ష్యం. శంకుస్థాపన ఫలకం కన్నా ఎంతో గట్టిది.

కాబట్టి 1593 అనే సంవత్సరాన్ని నేను ఒప్పుకుంటాను. మొదటి ప్రశ్న తేలింది.

అందరూ చెప్పే కథలు

స్టోనీహర్స్ట్ మీద ఏ చిన్న వ్యాసం చూసినా కొన్ని కథలు తప్పకుండా కనిపిస్తాయి. 1648లో ఇంగ్లాండు అంతర్యుద్ధంలో, ప్రెస్టన్ యుద్ధానికి ముందు, పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ ఈ భవంతిలో దిగి, కవచం విప్పకుండా ఒక బల్ల మీద పడుకున్నాడని చెప్పుకుంటారు. 1838లో ఇక్కడ అబ్జర్వేటరీ కట్టారు. దాన్ని నడిపిన ఫాదర్ స్టీఫెన్ పెర్రీ 1889 డిసెంబర్ 22న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి దక్షిణ అమెరికా తీరంలోని చిన్న దీవులకు వెళ్లాడు. విరేచనాలతో నీరసించి ఉండి కూడా పరిశీలన పూర్తిచేసి, ఐదు రోజులకు ఓడలోనే చనిపోయాడు. కవి జెరార్డ్ మ్యాన్లీ హాప్కిన్స్ 1882 నుంచి 84 దాకా ఇక్కడ పాఠాలు చెప్పాడు. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డోయల్ ఇక్కడి విద్యార్థి. పూర్వవిద్యార్థుల్లో ఏడుగురికి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. సేంట్ ఓమెర్ కాలానికి వెళ్తే, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన ఏకైక కతోలికుడు చార్లెస్ కారల్, ఆ దేశపు తొలి కతోలిక బిషపు జాన్ కారల్ ఇద్దరూ అక్కడ చదివినవాళ్లే.

పెర్రీ కథ చదివినప్పుడు గుండె బరువెక్కుతుంది. ఈ జాబితాలో తీసేయాల్సింది ఏదీ లేదు. కానీ 1593 నుంచి ఇక్కడిదాకా నేను రాసిన దాంట్లో ఎలిజబెత్ రాణి తప్ప ఆడమనిషి పేరు లేదు. స్టోనీహర్స్ట్ పూర్తిగా సహవిద్యా పాఠశాల అయింది 1999లో. నాలుగు వందల ఆరేళ్ల తర్వాత. అంటే నాలుగు శతాబ్దాలు అబ్బాయిల స్కూలు, తర్వాత ఒక చివరి పేరా. నన్ను ఇంతకాలం బాధించిన ఆకారమే ఇది.

పూటకూళ్లమ్మ

2014లో సేంట్ ఓమెర్ పట్టణ గ్రంథాలయంలో ఒక ఎగ్జిబిషన్ కోసం పుస్తకాలు తీస్తున్న లైబ్రేరియన్‌కు పాత షేక్‌స్పియర్ సంపుటం ఒకటి కనిపించింది. మొదటి పేజీలు చిరిగి పోవడంతో దాన్ని ఎప్పుడో పద్దెనిమిదో శతాబ్దపు మామూలు ప్రతిగా నమోదు చేసి వదిలేశారు. నిపుణులు వచ్చి చూస్తే అది 1623 నాటి మొదటి ఫోలియో, అంటే షేక్‌స్పియర్ నాటకాల తొలి సంకలనం. అప్పటికి ప్రపంచంలో మిగిలి ఉన్నట్టు తెలిసిన ప్రతుల్లో అది 233వది. ఫ్రెంచి విప్లవ కాలంలో జప్తయి పట్టణానికి చేరిన ఇంగ్లీషు జెస్యూట్ కాలేజి పుస్తకాల్లో ఇదీ ఒకటని పరిశోధకుల అభిప్రాయం.

వార్తలన్నీ దాని అరుదుదనం గురించే రాశాయి. నన్ను కట్టిపడేసింది వేరే విషయం. నాల్గవ హెన్రీ నాటకంలో ఒక రంగం దగ్గర ఎవరో కలంతో దిద్దారు. సత్రం నడిపే స్త్రీని, మన మాటల్లో పూటకూళ్లమ్మను, పూటకూళ్లాయనగా మార్చారు. పిల్ల అన్నచోట కుర్రాడు అని చేశారు. స్కూల్లో నాటకం వేయడం కోసం స్త్రీ పాత్రను పురుష పాత్రగా మార్చి ఉంటారని పండితులు అనుకుంటున్నారు. సేంట్ ఓమెర్ కాలేజి నాటకాలకు పేరుపొందింది. అన్ని పాత్రలూ అబ్బాయిలే ఆడాలి.

పాత రిజిస్టర్లతో పనిచేసేవాళ్లకు ఇలాంటి దిద్దుబాటు విలువ తెలుస్తుంది. లేనిదాని గురించి సాక్ష్యం దొరకడం చాలా కష్టం. అబ్బాయిల స్కూల్లో అమ్మాయిలు లేరని రిజిస్టరు చెప్పదు. ఉన్నవాళ్ల పేర్లు మాత్రం చెబుతుంది. ఇక్కడ మాత్రం ఒక చెయ్యి కలం పట్టుకుని, ఒక అక్షరం తర్వాత ఒక అక్షరం, స్త్రీని పేజీలోంచి తీసేస్తూ కనిపిస్తుంది. స్కూలుకు ఆ స్త్రీ మీద కోపం ఉందనుకోను. ఆమెను నిలబెట్టడానికి ఆ స్కూల్లో చోటు లేదు, అంతే. చోటు లేకపోవడం కూడా చరిత్రే. దానికి తేదీలుంటాయి, కారణాలుంటాయి. వాటిని వెతకాలి.

అదే ఊళ్లో ఇంకో స్కూలు

వెతికితే దొరికింది. అందుకోసం దూరం కూడా పోనక్కర్లేదు, అదే ఊరు.

మేరీ వార్డ్ 1585లో యార్క్‌షైర్‌లో పుట్టింది. కతోలిక కుటుంబం. కన్యాస్త్రీ కావాలని సేంట్ ఓమెర్ వచ్చి, మఠం గోడల మధ్య ఉండడం తన పిలుపు కాదని తేల్చుకుని బయటికొచ్చింది. 1609లో కొందరు స్నేహితురాళ్లతో మళ్లీ సేంట్ ఓమెర్‌కే వచ్చి అమ్మాయిల కోసం స్కూలు తెరిచింది. ఆ ఊళ్లో అప్పటికి అబ్బాయిల కాలేజికి పదహారేళ్లు. ఇంగ్లాండులో నిషేధం అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఒకటే. ఫాదర్ పర్సన్స్ అన్నలకు చేసిన పనే ఆమె చెల్లెళ్లకు చేసింది.

జెస్యూట్ల నియమాలనే తమ సంఘానికీ తీసుకోవాలని ఆమె పట్టుబట్టింది. నాలుగు గోడల మధ్య ఉండరు, ప్రత్యేక వస్త్రం ఉండదు, స్థానిక బిషపు కింద కాక నేరుగా పోపు కింద ఉంటారు. అప్పట్లో స్త్రీలు ఇలా బతకడం ఎవరూ ఊహించలేదు. సేంట్ ఓమెర్ జెస్యూట్లలో రోజర్ లీ లాంటి ఒకరిద్దరు ఆమెకు అండగా నిలబడ్డారు, మిగతావాళ్లు ఇబ్బందిపడ్డారు. ఈ స్త్రీల ఉత్సాహం ఎంతకాలం, చివరికి ఎంతైనా ఆడవాళ్లేగా అని ఒక ఫాదర్ అన్న మాట ఆమె చెవిన పడింది. 1617లో తన సహచరులను కూర్చోబెట్టి దానికి బదులిచ్చింది. స్త్రీలు గొప్ప పనులు చేయలేకపోవడానికి స్త్రీపురుషుల మధ్య అంత భేదమేమీ లేదనీ, రాబోయే కాలంలో స్త్రీలు ఎంతో చేస్తారనీ చెప్పింది.

1621లో ఆమె అనుమతి కోసం రోముకు కాలినడకన వెళ్లింది. అనుమతి రాలేదు. 1631లో పోపు 8వ అర్బన్ ఆమె సంఘాన్ని రద్దు చేశాడు. ఆమెను మ్యూనిక్‌లో ఒక మఠంలో బంధించారు. అక్కడినుంచి నిమ్మరసంతో ఉత్తరాలు రాసేది. కాగితం ఆరితే ఏమీ కనబడదు, వేడి తగిలిస్తే అక్షరాలు తేలతాయి. 1645లో యార్క్ దగ్గర చనిపోయింది. ఆమె సహచరులు పని వదల్లేదు. 1686లో యార్క్‌లో పెట్టిన బార్ కాన్వెంట్ ఇప్పటికీ ఉంది. ఆ కాన్వెంట్లో శిక్షణ పొందిన తెరెసా బాల్ ఐర్లాండులో లోరెటో సిస్టర్ల సంఘం మొదలుపెట్టింది. ఆ సిస్టర్లు 1840ల ఆరంభంలో కలకత్తా వచ్చారు. 1928లో లోరెటోలో చేరిన ఒక అల్బేనియా అమ్మాయే మనకు మదర్ తెరెసాగా తెలుసు. మేరీ వార్డ్‌ను ఆమె మొదలుపెట్టిన సంఘానికే స్థాపకురాలిగా చెప్పుకోవడానికి రోము ఒప్పుకున్నది మాత్రం 1909లో.

జెస్యూట్ల రద్దు నలభై ఏళ్లు నిలిచింది. స్టోనీహర్స్ట్ చరిత్రలో అది ఒక గొప్ప అధ్యాయం. మేరీ వార్డ్ సంఘమూ అదే ఊళ్లో, అదే నమ్మకం కోసం మొదలై, అవే నియమాలు కోరుకుని రద్దయింది. ఆ స్కూలు చరిత్రలో ఆమెకు చోటు ఇవ్వాలా అని అడిగితే, ఇవ్వాలనే నా అభిప్రాయం. స్థాపకురాలిగా కాదు. అబ్బాయిల రిజిస్టరులో లేని అమ్మాయిలు ఆ రోజుల్లో ఎక్కడ చదివారన్న ప్రశ్నకు జవాబుగా.

1929 నుంచి 1999 దాకా

ఇక కారణాలు. సహవిద్య ఆలస్యం కావడానికి అలవాటు ఒక్కటే కారణం అనుకునేవాణ్ని. కాదు. స్పష్టమైన ఆదేశం ఉంది. 1929 డిసెంబర్ 31న పోపు 11వ పయస్ క్రైస్తవ విద్య మీద వెలువరించిన విశ్వలేఖలో (కతోలిక తిరుసభ అంతటికీ పోపు రాసే లేఖ) సహవిద్య పద్ధతిని తప్పు, హానికరం అన్నాడు. ముఖ్యంగా కౌమారంలో పిల్లల్ని వేరుగా పెంచాలన్నాడు. కతోలిక స్కూళ్ల హెడ్మాస్టర్లకు అది చేతులు కట్టేసిన మాట. 1957లో రోము నుంచే వచ్చిన సూచనలు, సహవిద్య తప్పనిసరైన చోట షరతులతో నడుపుకోవచ్చన్నాయి. 1965లో ప్రపంచంలోని కతోలిక బిషపులు కూడిన రెండో వాటికన్ మహాసభ విద్య మీద చేసిన ప్రకటన గొంతు మార్చింది. నిషేధం ఊసు లేదు. స్త్రీపురుషుల ప్రత్యేకతలను బోధనలో గమనించుకోమని మాత్రమే చెప్పింది.

తర్వాత తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. గ్లాస్గోలోని సేంట్ అలోషియస్ కాలేజి 1979లో, శాన్ ఫ్రాన్సిస్కోలోని సేంట్ ఇగ్నేషియస్ 1989లో అమ్మాయిలను చేర్చుకున్నాయి. రెండూ జెస్యూట్ స్కూళ్లే. ఈ దశాబ్దాల్లో ఫాదర్ల సంఖ్య తగ్గుతూ, క్లాసుల్లో గృహస్థులైన టీచర్లు పెరిగారు. నా పనిలో గమనించిందేమంటే, స్టాఫ్ రూములోకి స్త్రీలు వచ్చిన కొన్నేళ్లకే క్లాసులోకి అమ్మాయిలు వస్తారు. అందుకే అడ్మిషన్ రిజిస్టరు కన్నా ముందు జీతాల రిజిస్టరు చూడమని నాతో పనిచేసే పిల్లలకు చెబుతాను.

1999 తర్వాత స్టోనీహర్స్ట్‌లో రెటరిక్ క్లాసులో కూర్చున్న అమ్మాయి, 1599లో మగపిల్లలను మాత్రమే మనసులో పెట్టుకుని రాసిన మెట్ల మీద చివరి మెట్టు ఎక్కింది. ఆమె కోసం పేరు మార్చలేదు. నాకు ఇది చాలా నచ్చింది. ఆమెకు విడిగా ఒక కొత్త చరిత్ర ఇచ్చి పక్కన కూర్చోబెట్టలేదు, ఉన్న చరిత్రలోకే తీసుకున్నారు.

నా పనిలో మారినవి

ఈ కేసు పూర్తిచేశాక మీటింగుల్లో నేను అడిగే ప్రశ్న మారింది. అమ్మాయిలు ఎప్పుడు చేరారని అడగను. చేరకముందు ఎక్కడ చదివారని అడుగుతాను. మొదట్లో కమిటీ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తర్వాత ఎవరో పెద్దావిడ, సాధారణంగా ఏ పూర్వవిద్యార్థి భార్యో, మాట్లాడడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత ఆపడం కష్టం.

రెండోది, ఒప్పందంలోనే రాయించుకుంటున్నాను: సహవిద్య అధ్యాయాన్ని నన్ను అడక్కుండా కుదించకూడదు. ఇద్దరు మేనేజర్లు దీనికి ఒప్పుకోలేదు. ఆ పనులు వదులుకున్నాను.

మూడోది అన్నిటికన్నా ఎక్కువ పని పెట్టింది, ఎక్కువ ఫలితమూ ఇచ్చింది. ఫాదర్ల స్కూలు చరిత్ర రాస్తున్నప్పుడు, దగ్గర్లోని సిస్టర్ల కాన్వెంట్‌కు కూడా వెళ్లి వాళ్ల దినచర్య పుస్తకం చూపించమని అడుగుతున్నాను. ఈమధ్య ఒకచోట వృద్ధురాలైన సిస్టర్ ఒకావిడ బీరువా తాళం తీసి, గుడ్డలో చుట్టిన మూడు రిజిస్టర్లు ఇచ్చింది. అబ్బాయిల స్కూలు రిజిస్టరు నకలు నా సంచిలో ఉంది. రెండూ పక్కపక్కన తెరిచాను. అవే ఇంటిపేర్లు, అవే తండ్రుల పేర్లు, చాలాచోట్ల చేరిన తేదీ కూడా ఒకటే. పొద్దున్నే ఒకే ఇంట్లోంచి బయల్దేరి, దారిలో విడిపోయి, చెరో గేటులోకి వెళ్లిన అన్నాచెల్లెళ్లు. సిస్టర్ కళ్లద్దాలు సర్దుకుని, ఒక పేరు మీద వేలు పెట్టి, ఈ అమ్మాయి లెక్కల్లో ఎప్పుడూ ఫస్టేనండీ, వాళ్లన్నకు ఇంటిదగ్గర ఇదే చెప్పేది అంది. నేను కొత్త పేజీ తీసి, నిలువుగా మధ్యలో గీత గీసి, ఎడమవైపు అతని పేరూ కుడివైపు ఆమె పేరూ రాశాను. ఇప్పటిదాకా అరవై నాలుగు జతలు అయ్యాయి. ఇంకా రెండు రిజిస్టర్లు చూడాలి.